వెనుక అతికిన వస్తువు

మా ఊళ్ళో ఏమీ జరగలేదని ప్రభుత్వం వారు నిర్ధారించిన సంగతి మీకు తెలిసి ఉండదు. ఆ నిర్ధారణలో నా చెయ్యి కూడా ఉంది. ఇంకెవరో వచ్చి వంకరటింకరగా చెప్పేలోపు నేనే చెప్పేస్తే ఒక పనైపోతుంది.

నా పేరు దస్తగిరి. గువ్వలగుట్ట బస్టాండు ఎదురుగా ఫోటోలకు ఫ్రేములు కట్టే షాపు మాది. మా నాయన హుసేనప్ప పెట్టాడు. దేవుళ్ళు, పెళ్ళిళ్ళు, పోయినవాళ్ళు, ఈ ముగ్గురి మీదే మా బతుకు. ఇప్పుడు పెళ్ళిళ్ళు సెల్‌ఫోన్లోకి పోయాయి కాబట్టి దేవుళ్ళూ పోయినవాళ్ళూ మిగిలారు. వాళ్ళు బేరమాడరు, అదొక సుఖం.

మా ఊరి పక్క నుంచి పెద్ద కాలువ పోతుంది. తవ్వేటప్పుడు మా పొలాలు తీసుకున్నారు గానీ మాకు తూము ఇవ్వలేదు. తూము లేకపోతే కాలువ నిండా నీళ్ళు పారుతున్నా మా చేలోకి చుక్క రాదు. గట్టు మీద నిలబడి చూసుకోవచ్చు, అంతే. పందొమ్మిది వందల అరవై ఎనిమిదిలో, కాలువకు మొట్టమొదటిసారి నీళ్ళు వదలబోతున్నారనగా, మా ఊరివాళ్ళు అరవై మూడు మంది ఆ ఎండు కాలువలోకి దిగి కూర్చున్నారు. వదిలితే మా మీదుగా వదలండి అన్నారు. పందొమ్మిది రోజులు లేవలేదు. ఇరవయ్యో రోజు తూము మంజూరైనట్టు కాగితం వచ్చింది. అప్పటికి నాకు అయిదేళ్ళు. వాళ్ళను చూడబోయినప్పుడు కాలువ అడుగున మా నాయన భుజం మీద కూర్చుని అంత పొడుగు గట్టును కింది నుంచి చూడటం నాకు ఇంకా గుర్తుంది.

నీళ్ళు ఎప్పుడు వదులుతారో తెలియదు కదా. మనిషి కొట్టుకుపోయినా ఇంట్లో ఫోటో అన్నా ఉంటుందని, ఊళ్ళో ఉన్న ఒక్క ఫోటోగ్రాఫరు మూడుకాళ్ళ స్టాండుతో కాలువలోకి దిగి అరవై మూడు మందికీ విడివిడిగా ఫోటోలు తీశాడు. ప్రతివాడి వెనకా ఒకటే గుడ్డ. "తూము ఇచ్చేదాకా లేచేది లేదు" అని రాసి, కింద ఎన్నో రోజో ఆ అంకె. ఆ ఫోటోలన్నిటికీ ఫ్రేములు కట్టింది మా నాయన.

ఇక పేపరు సంగతి. పొద్దున బస్సులో మా ఊరికి దినపత్రిక కట్ట వచ్చేది. పందొమ్మిది రోజుల్లో ఒక్క రోజు కూడా అందులో మా కాలువ గురించి ఒక్క ముక్క రాలేదు. జనానికి ఒళ్ళు మండి, కట్ట దిగీదిగగానే బస్టాండులోనే తగలబెట్టడం మొదలుపెట్టారు. ఎదురుగా షాపులో కూర్చున్న మా నాయనకు మంచి కాగితం కాలిపోవడం చూస్తే మనసొప్పేది కాదు. చేతికందినన్ని లాక్కొచ్చి దాచాడు. ఆ ఏడాది ఫ్రేములకు వెనక అట్ట కొనకుండా ఆ పేపర్లే నాలుగు పొరలు అంటించాడు. మైదా బంకలో ఇంత మైలుతుత్తం కలిపేవాడు, పురుగు పట్టకుండా. అందుకే అవి ఇన్నేళ్ళు నిలిచాయి. అంటే ముందు వైపు కాలువలో కూర్చున్న మనిషి, వెనక వైపు ఆ మనిషి గురించి రాయని పేపరు. ఇలాంటివి ఊళ్ళో అరవై మూడు.

ఇంతవరకూ బాగానే ఉంది. అప్పుడు "ఊరూరా చరిత్ర" పథకం వచ్చింది.

ఊరికొక చరిత్ర భవనం కట్టాలని పైనుంచి ఉత్తర్వు. మా ఊరికి చరిత్ర ధ్రువీకరణ ప్రత్యేకాధికారిగా పురుషోత్తమరావుగారు దిగారు. సన్నగా, శుభ్రంగా ఉంటారు. మాట్లాడితే కాగితం చూసి చదువుతున్నట్టే ఉంటుంది. మంచినీళ్ళు కావాలన్నా "త్రాగునీటి ఏర్పాటు గలదా?" అని అడుగుతారు. చెడ్డమనిషి కాదు. నిబంధన మనిషి.

మున్సిపల్ ఆఫీసు హాల్లో మొదటి సమావేశం పెట్టి ఆయన నిబంధనలు చదివి వినిపించారు. నాలుగో నిబంధన: సమకాలీన పత్రికలో ముద్రితము కాని ఏ సంఘటనయు జరిగినట్లు భావించరాదు. అయిదో నిబంధన: కుటుంబ సభ్యులు కనిపించు ఛాయాచిత్రములను కుటుంబ విషయములుగా మాత్రమే పరిగణించవలెను.

తూము కోసం కూర్చున్న అరవై మూడు మందిలో ఇప్పటికి బతికి ఉన్నది నలుగురు. వాళ్ళలో చిన్న నాగన్న లేచాడు. కాలువలోంచి పోలీసులు గట్టు మీదికి లాగేటప్పుడు ఆయన ఎడమ చెయ్యి విరిగింది. అది ఇప్పటికీ తిన్నగా చాచలేడు.

"సార్, తూము ఉండాది కదా. నడిచి పోతే పది నిమిషాలు. సూసి రాండి."

"తూము ఉన్నదన్న విషయముపై వివాదం లేదు" అన్నారు పురుషోత్తమరావుగారు. "తూము అడిగినారన్న విషయమే నిరూపణ కావలసి యున్నది."

నాగన్న కూర్చున్నాడు. అప్పుడు సుంకులమ్మవ్వ లేచింది.

సుంకులమ్మవ్వకు ఎనభై దాటాయి. మా షాపు వెనక సందులో ఒక్కతే ఉంటుంది. ఆమె మొగుడు మద్దిలేటి ఆ అరవై మూడు మందిలో ఒకడు. కాలువలోంచి లేచిన రెండేళ్ళకు జ్వరం వచ్చి పోయాడు. పెళ్ళికి ఫోటో తీయించుకునే తాహతు వాళ్ళకు లేదు. కాబట్టి ఆయనకు ఈ భూమ్మీద ఉన్నది ఒక్కటే ఫోటో, ఆ కాలువలోది. అవ్వ దాన్ని తుండుగుడ్డలో చుట్టి తెచ్చి అధికారి బల్ల మీద విప్పింది.

"ఇదో సామీ, మా ఆయప్ప. కాలవలో నిలబన్యాడు సూడు. ఎనకాల గుడ్డ మీద రాసుండాది. పన్నెండో దినం."

ఆయన ఫోటో వంక చూడకుండానే అడిగారు. "ఈయన మీకేమగును?"

"మొగుడు."

"అయితే ఇది కుటుంబ విషయము" అని రెండు వేళ్ళతో ఫ్రేము తీసి వెనక్కి ఇవ్వబోయారు. ఇచ్చేటప్పుడు అది తిరగబడింది. ఆయన కళ్ళద్దాలు సవరించుకున్నారు. వెనక అంటించిన పేపరు మీద తేదీ చదివారు. కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మున్సిపల్ ఛైర్మన్ వచ్చినప్పుడు కూడా లేవని మనిషి.

"ఇది సమకాలీన ముద్రిత ఆధారము" అన్నారు. "ఈ పత్రికను ఇంతకాలము భద్రపరచిన మహనీయుడెవరు?"

అందరూ నా వంక చూశారు. నేనేమన్నా తక్కువ తిన్నానా. ఛాతీ విరుచుకుని "మా నాయన సార్" అన్నాను. మా నాయన ఆర్డర్ల పుస్తకం ఇంకా షాపులోనే ఉందనీ, ఎవరెవరి ఇంట్లో ఏ ఫ్రేము ఉందో అందులో రాసి ఉందనీ, అడక్కపోయినా అదీ చెప్పాను. ఆ ఒక్క మాట దగ్గర నా నాలుక పడిపోయి ఉంటే ఇంత తలనొప్పి ఉండేది కాదు.

మర్నాటికి నా మెడలో నీలం తాడుతో ఒక కార్డు వేలాడుతోంది. "చారిత్రక చట్రముల సాంకేతిక నిపుణుడు" అని. చట్రమంటే ఫ్రేమేలెండి. ముప్పై ఏళ్ళుగా నన్ను ఫ్రేముల దస్తగిరి అన్నవాళ్ళు ఆ కార్డు చూసి రెండు రోజులు నవ్వలేదు. చెప్పొద్దూ, నాకు బాగానే ఉంది.

ఆటోకి మైకు కట్టి ఊరంతా చాటించారు. చేతులకు తెల్ల గ్లౌజులు తొడుక్కుని నేనూ, ఆఫీసు అటెండరు జయన్నా పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరిగాం. జనం కాదనలేదు. తమ ఇంటి మనిషి పేరు చరిత్రలో ఎక్కుతుందంటే ఎవరు కాదంటారు. కొంతమంది బొట్టు పెట్టి, హారతిచ్చి మరీ ఇచ్చారు. అరవై రెండు వచ్చాయి. అరవై మూడోది సుంకులమ్మవ్వది. ఆ రోజు హాల్లోనే ఆమె దాన్ని తుండుగుడ్డలో చుట్టుకుని ఇంటికి తీసుకుపోయింది.

"ఎన్ని దినాలు దస్తగిరీ?" అని అడిగింది గుమ్మంలో నిలబడి.

"వారం అవ్వా. వెనక పేపరు ఊడదీసి, ఫోటో నీకు ఇచ్చేస్తాం."

"పొద్దున్నే పొయ్యి ముట్టిచ్చే ముందర ఆయప్పతో రెండు మాటలు చెప్పుకుంటా. వారం దినాలు వట్టి గోడతో చెప్పుకోవల్నా?"

"నాది పూచీ అవ్వా" అన్నాను, మెడలో కార్డు సవరించుకుంటూ.

ఆమె ఫ్రేము నా చేతిలో పెట్టి, కొంగుతో ఒకసారి అద్దం తుడిచింది. తర్వాత లోపలికి పోయింది.

ఆఫీసు వరండాలో పని మొదలైంది. వేడినీళ్ళ ఆవిరి పట్టి, పలచటి చాకుతో పేపరును పొరలు పొరలుగా ఊడదీయాలి. మా నాయన బంక మామూలు బంక కాదు, ఒక్కొక్కటీ ఒక గంట పట్టింది. ఊడదీసినదాన్ని రిజిస్టరులో ఎక్కించాలి. మొదటి గడి "చారిత్రక వస్తువు." రెండో గడి "వెనుక అతికిన వస్తువు." పురుషోత్తమరావుగారు చెబుతుంటే జయన్న రాశాడు. "చారిత్రక వస్తువు: దినపత్రిక, నాలుగు పుటలు. వెనుక అతికిన వస్తువు: ఛాయాచిత్రము ఒకటి. పురుషుడు. నవ్వుచున్నాడు."

ఆ నవ్వుతున్నవాడు మద్దిలేటి.

"సార్, ఫోటో ముందుండేది. వెనకుండేది పేపరు" అన్నాను.

ఆయన ఓపికగా నా వంక చూశారు. "దస్తగిరి గారూ, ఏది ముందు, ఏది వెనుక అన్నది గోడను బట్టి ఉండదు. రిజిస్టరును బట్టి ఉండును."

పేపర్లు ఆరబెట్టాక ఆయన భూతద్దం పెట్టుకుని మూడు రోజులు చదివారు. పందొమ్మిది రోజుల పేపర్లూ దొరికాయి. అందులో ఏముంటుంది, తలకాయ. జుట్టు నూనె ప్రకటన, సర్కస్ వచ్చిందన్న వార్త, ఎండలు ముదిరాయన్న వార్త, ఎవరిదో ఎర్రఆవు తప్పిపోయిందన్న ప్రకటన. అదీ కాక ప్రతిరోజూ ఒక మూల రెండు ముక్కలు: జిల్లా అంతటా ప్రశాంతం.

నాలుగో రోజు పొద్దున ఆయన మమ్మల్ని పిలిచి తేల్చేశారు. "సదరు పందొమ్మిది దినములలో గువ్వలగుట్ట యందు ఎట్టి సంఘటనయు జరగలేదు. తూము అనునది ఎవరును అడగకమున్నే ప్రభుత్వము వారు దయతో మంజూరు చేసినది."

"మరి చరిత్ర భవనంలో ఏం పెడతారు సార్?" అని అడిగాడు జయన్న. మంచి ప్రశ్నే.

"జరిగినది పెట్టెదము" అన్నారాయన. "పందొమ్మిది దినములు వరుసగా ప్రశాంతముగా ఉన్న ఊరు జిల్లాలో మరొకటి కలదా? ఇది సామాన్య విషయము కాదు."

అట్లా మా ఊరి చరిత్ర భవనం ప్రశాంత చరిత్ర భవనం అయింది. పనులు చకచకా సాగాయి. స్కూలు పిల్లలకు "మా ఊరి ప్రశాంతత" మీద వ్యాసరచన పోటీ పెట్టారు. మొదటి బహుమతి వచ్చిన పిల్ల ఒకటిన్నర పేజీ ఖాళీగా వదిలేసిందట, అది చాలా అర్థవంతంగా ఉందన్నారు. గేటు దగ్గర కాలు మీద కాలు వేసుకుని ఏమీ చేయకుండా కూర్చున్న మనిషి విగ్రహం పెట్టారు. బతికున్న నలుగురినీ పిలిచి ఒక్కొక్కరి చేత "ఆ పందొమ్మిది దినములును నేను నా యింటి వద్దనే ఉంటిని" అని సంతకం పెట్టించుకున్నారు.

చిన్న నాగన్న కలం అందుకున్నాడు.

"పెడతాలే సార్. నేను ఇంట్లోనే ఉంటే ఈ చెయ్యి ఎట్ల ఇరిగిందో కూడా మీరే రాయండి. మా మనమడు అడుగుతాడు."

పురుషోత్తమరావుగారు ఆలోచించి, ఆ కాగితం కింద తానే ఒక వాక్యం చేర్చారు. "చేయి విరుగుట: ప్రశాంతముగా."

ఇదంతా జరుగుతుంటే నాకు ఒక పక్క నవ్వొచ్చేది. ఇంకో పక్క సుంకులమ్మవ్వ. వారం అన్నది మూడు వారాలైంది. రోజూ పొద్దున్నే వచ్చి షాపు మెట్టు మీద కూర్చునేది. తిట్టేది కాదు, అదే నాకు కష్టం. "ఈ పొద్దు ఇస్తారంట్నా నాయనా?" అని ఒక్క మాట అడిగి, లేదంటే మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచి పోయేది. ఒకరోజు మాత్రం కదల్లేదు.

"మొగం మర్సిపోతాండా దస్తగిరీ" అంది. "రాత్తిరి గుర్తు తెచ్చుకుందామంటే నవ్వు వచ్చె గానీ కండ్లు రాలేదు."

ఆ మాట విన్నాక నేను షాపులో కూర్చోలేకపోయాను. అవ్వను వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయాను. ఫోటోలన్నీ మూల గదిలో గోనెసంచిలో ఉన్నాయి. పురుషోత్తమరావుగారు మర్యాదగానే కుర్చీ వేయించారు.

"ఇచ్చుటకు అభ్యంతరం లేదు. అయితే సదరు పురుషుడు మీ భర్తయే అనుటకు ఆధారము సమర్పించవలెను."

"ఏమాధారం సామీ?"

"సమకాలీన ముద్రిత ఆధారము."

అవ్వకు అర్థం కాలేదు. నేను విడమర్చి చెప్పాను, ఆయన మద్దిలేటి అనీ, నీ మొగుడనీ అప్పటి పేపర్లో పడి ఉండాలంట అని. ఆమె అధికారి వైపు తిరిగింది.

"ఆయప్ప నా మొగుడని పేపర్లో ఎందుకేస్తారు నాయనా? మా ఇంటికాడ అందరికీ తెలుసు గదా."

"తెలియుట వేరు, నమోదగుట వేరు" అన్నారాయన. అని, పాపం, ఆమెకు త్రాగునీటి ఏర్పాటు కూడా చేశారు.

మర్నాడు బల్ల మీద ఉత్తర్వు కనబడింది. వెనుక అతికిన వస్తువులు అరవై మూడు, నిరుపయోగములైనందున వచ్చే సోమవారం ఆఫీసు ఆవరణలో తగులబెట్టవలెను. కింద సంతకం, స్టాంపు.

నేను ఆ కాగితం రెండుసార్లు చదివాను. ఇదే ఊళ్ళో, బస్టాండు దగ్గర, కాలిపోతున్న కాగితాలను మా నాయన చేతులు కాల్చుకుని లాక్కొచ్చాడు. ఆయన కొడుకును నేను. మెడలో కార్డు వేసుకుని ఇంటింటికీ పోయి అడిగి తెచ్చి కాల్చడానికి ఇస్తున్నాను. సిగ్గేసింది. అంత సిగ్గు నాకు బతుకులో ఎప్పుడూ వేయలేదు.

బతిమాలితే లాభం లేదని తెలుసు. ఆయనకు తెలుగు రాదు, ఆఫీసు తెలుగే వచ్చు. సరే, ఆ భాషలోనే రాద్దామని షాపు మూసి కూర్చున్నాను. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి తయారైంది.

"గౌరవనీయులైన ప్రత్యేకాధికారి వారికి చట్రముల నిపుణుడు విన్నవించునది. చారిత్రక పత్రికలను గోడకు వేలాడదీయుటకు వెనుక దన్నుగా గట్టి అట్ట అవసరము. నిరుపయోగముగా పడియున్న అరవై మూడు వస్తువులు కొలతకు సరిగ్గా సరిపోవును. వాటిని తగులబెట్టుట కన్న దన్నుగా వాడుట వ్యర్థముల పునర్వినియోగము క్రిందకు వచ్చును. మరియు గోడ చెమ్మ పత్రికకు సోకకుండుటకు చట్రమునకు వెనుక వైపు కూడా అద్దము బిగించవలసి యున్నది. తగు ఉత్తర్వులు ప్రార్థన."

ఆయన చదివి, ఆశ్చర్యంగా నా వంక చూశారు. "దస్తగిరి గారూ, మీరు ఎక్కడ చదివినారు?"

"మీ దగ్గరే సార్."

"మంచి సూచన. అమలు పరచవలెను" అని పక్కన రాసి సంతకం పెట్టారు.

అరవై మూడు ఫ్రేములూ నేనొక్కడినే కట్టాను. ముందు వైపు అద్దం కింద పేపరు. వెనక వైపు అద్దం కింద ఫోటో, మొహం గోడకేసి. పన్నెండో రోజు పేపరు వెనక పన్నెండో రోజు గుడ్డ ముందు నిలబడ్డ మనిషి. ఆ మాత్రం వరస కలపడం నాకు తెలుసు. మద్దిలేటి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి నెమ్మదించింది. నవ్వుతున్న ఆ మనిషికి ఇరవై ఏడేళ్ళుంటాయేమో, భుజాన పార, తలపాగా ఒక పక్కకు జారి ఉంది. పెన్సిలు తీసి ఫ్రేము అంచున నంబరు వేశాను, నలభై ఒకటి.

ప్రారంభోత్సవానికి రెండు రోజుల ముందు మళ్ళీ పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరిగాను, ఈసారి కార్డు లేకుండా. ప్రతి గుమ్మంలో ఒకటే మాట, మీ ఫ్రేము నంబరు ఇదీ, వచ్చి వెనక్కి తిప్పుకోండి అని.

ప్రారంభోత్సవం రోజు చరిత్ర భవనం హాలంతా రంగు కాగితాలు. పత్రికలోని చిన్న అక్షరాలు అందరూ చదువుకోవాలని పురుషోత్తమరావుగారు ఫ్రేములను ఛాతీ ఎత్తులో వేలాడదీయించారు. గోడలనిండా ప్రశాంతం, ప్రశాంతం, ఎర్రఆవు, జుట్టు నూనె, ప్రశాంతం. విలేకరి ఒకాయన వచ్చి, ముందే తయారు చేసి ఉంచిన ప్రెస్ నోటు తీసుకుని, కూల్‌డ్రింకు తాగి, ఇంకో ఊళ్ళో ఇంకో ప్రారంభోత్సవం ఉందని వెళ్ళిపోయాడు. ముఖ్య అతిథి ఇంకా రాలేదు.

సుంకులమ్మవ్వ నలభై ఒకటో నంబరు దగ్గరికి పోయింది. దారం పట్టుకుని ఫ్రేమును మెల్లగా తిప్పింది.

ఆమె ఏడవలేదు. అద్దానికి దగ్గరగా మొహం పెట్టి చూసింది, ముందు కండ్లు, తర్వాత మిగతావి.

"ఈడుండావా" అంది. "నెలన్నరగా గోడ తట్టు తిరిగి నిలబన్యావా."

పురుషోత్తమరావుగారు పరుగున వచ్చారు. "అమ్మా, అది వెనుక వైపు."

"మాకు ముందర ఇదే నాయనా. యాభై అయిదేండ్లు మా ఇంట్లో గోడను సూసింది మీ పేపరే."

ఈలోపు గోడ పొడుగునా దారాలు తిరగడం మొదలైంది. ఎవరూ అరవలేదు, తోసుకోలేదు. ఎవరి నంబరు దగ్గరికి వాళ్ళు పోయి తిప్పారు. చిన్న నాగన్న తన ఫోటోను తానే తిప్పుకున్నాడు, కుడిచేత్తో. చూస్తుండగానే హాలంతా కాలువ అడుగైపోయింది. అరవై మూడు మంది వరసగా నిలబడ్డారు. వాళ్ళ వెనక గుడ్డ మీద మొదటి రోజు, రెండో రోజు, మూడో రోజు, అట్లా పందొమ్మిది దాకా.

సరిగ్గా అప్పుడు ముఖ్య అతిథి వచ్చారు. గోడలన్నీ ఒక చుట్టు చూశారు.

"ఏమండీ, మీ ఊళ్ళో ఇంత జరిగిందా?"

"జరగలేదండి" అన్నారు పురుషోత్తమరావుగారు.

"మరి వీళ్ళెవరు?"

"వెనుక అతికిన వస్తువులండి."

ముఖ్య అతిథి జనం వంక చూశారు, జనం ఎంతమంది ఉన్నారో చూశారు, మైకు అందుకున్నారు. ఆ రోజుల్లో తాను కూడా ఈ కాలువలోనే కూర్చున్నానని, ఆ ఎండ ఇంకా తన ఒంటికి గుర్తుందని చెప్పారు. ఆయన వయసు యాభై. ఆయన దండలు వేయించుకుని కారెక్కి పోయారు.

అవ్వ ఫ్రేమును మేకు నుంచి తీసి చంకన పెట్టుకుంది. పురుషోత్తమరావుగారు అడ్డంగా నిలబడ్డారు. "అందులో ప్రభుత్వ ఆస్తి ఉన్నది. బయటకు తీసుకొనిపోరాదు."

నేను జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాను.

"సార్, రిజిస్టరు ప్రకారం చారిత్రక వస్తువు మీది. వెనుక అతికినది నిరుపయోగము. నిరుపయోగమును తొలగించు బాధ్యత చట్రముల నిపుణుడిది."

ఆయన రిజిస్టరు తెప్పించి చూశారు. నిబంధన సరిగ్గానే ఉంది. నేను అక్కడే నేల మీద కూర్చుని నాలుగు స్క్రూలు విప్పి, మద్దిలేటిని అవ్వ చేతిలో పెట్టాను. పేపరు ఆయన చేతిలో పెట్టాను. వెనక దన్ను లేక అది చుట్టుకుపోయింది. తలెత్తేసరికి నా ముందు అరవై రెండు మంది ఫ్రేములు పట్టుకుని వరసలో నిలబడ్డారు. ఆఖరిది విప్పి, మెడలో కార్డు ఆయన బల్ల మీద పెట్టి వచ్చేశాను.

మర్నాడు పొద్దున అవ్వ ఫోటో పట్టుకుని షాపుకు వచ్చింది. ఆమె పాత టేకు ఫ్రేమును నేను పారేయలేదు. అద్దం తుడిచి, ఫోటో పెట్టాను. వెనక అంటించడానికి కాగితం కోసం చూస్తే, అప్పుడే బస్సులో దిగిన పేపరు ఎదురుగా ఉంది. జిల్లా పేజీలో మా ఊరి వార్త. "గువ్వలగుట్టలో ప్రశాంతంగా చరిత్ర భవన ప్రారంభం. చారిత్రక పత్రికలను ఆసక్తిగా తిలకించిన ప్రజలు."

మైదా బంకలో ఇంత మైలుతుత్తం కలిపాను. ఆ పేజీని నాలుగు అంచులా సరిగ్గా అంటించి, బంక ఆరేదాకా అవ్వా నేనూ టీ తాగాం. తర్వాత ఆమె ఇంటికి పోయి, పొయ్యి ఎదురుగా పాత మేకుకే తగిలించి వచ్చాను, పేపరు గోడ వైపుకు.